బావికాడ దిగేవాళ్ళు

తమిళనాడు ధర్మపురి బస్టాండులో సాయంత్రం ఐదున్నరకు బయల్దేరే బొమ్మిడి ప్రైవేటు బస్సులో, అందరి కళ్ళ ముందూ జరిగిందిది. చూసినవాళ్ళు అరవైమంది ఉంటారు. అడ్డుచెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు.

కండక్టర్ ధర్మరాజ్ టికెట్ మిషను పట్టుకుని ఇళవరసి ముందు నిలబడ్డాడు. కాలేజీలో రెండో సంవత్సరం చదువుతున్న ఆ పిల్ల ఎప్పటిలాగే పాల సొసైటీకి రెండు టికెట్లు ఇమ్మంది. రెండోది పక్కన సిమెంటు మరకల చీరతో కూచున్న తల్లి మాదమ్మాళ్‌కు. ధర్మరాజ్‌కు ఆ రోజు ఏం బుద్ధి పుట్టిందో, టికెట్ కొట్టలేదు. పాల సొసైటీ దగ్గర మీ ఇల్లెక్కడుంది, మీది దాని తర్వాతి స్టాపు కదా, ఆ పేరు చెప్పు ఇస్తాను అన్నాడు. తమిళంలో, బస్సంతా వినేట్టు.

ఆ స్టాపు పేరు వాళ్ళ కులం పేరు. దానికి కాలనీ అని ఒక తోక. ఆ కులం పేరు పెట్టే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వీధికుక్కను తిడతారు, స్టార్టు కాని మోటారును తిడతారు, మాట వినని కొడుకును తిడతారు. ఆ మాటను ఇక్కడ రాయడం లేదు. అదెంత బరువో తెలియడానికి ఒక్క సంగతి చాలు. ఆ కాలనీ ఆడవాళ్ళు ఇరవై ఏళ్ళుగా ఒక స్టాపు ముందే దిగి, పొద్దంతా ఇటుకలు మోసిన కాళ్ళతో రెండు కిలోమీటర్లు నడిచి ఇల్లు చేరుతున్నారు. కండక్టర్ ఆ పేరు కేకేసినప్పుడు అందరి ముందూ సీట్లోంచి లేవాల్సిన పని లేకుండా.

ఇళవరసి పెదవి విప్పలేదు. ముందు సీట్లో ఆమెతో చదివే పిల్లలిద్దరు వెనక్కి తిరిగి చూస్తున్నారు. చెప్పకపోతే దిగు అంటూ ధర్మరాజ్ విజిల్ వేశాడు. బస్సు నడిరోడ్డు మీద ఆగింది. ఇంటికి పోయి పాలు పితకాలి, వంట చెయ్యాలి, ఆ పేరేదో చెప్పి తగలడొచ్చుగా అని వెనకనుంచి గొణుగుడు మొదలైంది. మాదమ్మాళ్‌తో కలిసి పనిచేసే తాపీమేస్త్రీ సెంగోడన్ కూడా ఆ బస్సులోనే ఉన్నాడు. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే కేనులోంచి టీ తాగారు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాడు.

అప్పుడు మాదమ్మాళ్ ఆ మాట అంది. తన నోటితోనే, రెండు టికెట్లు అని చెప్పి మరీ అంది. వెనక సీట్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. బస్సు కదిలింది.

ఇద్దరూ ఇల్లు చేరారు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ కూతురు అడిగింది.

"నువ్వేమిటికి చెప్పినావమ్మా?"

"నడిరోడ్లో దించేస్తే ఏం చేస్తామే?"

"దిగి నడుస్తాము. రోజూ నడిచేదే కదా."

మర్నాడు ఇళవరసి కాలేజీకి పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. ఆ బస్సు ఇంక ఎక్కనంది. సర్కారు బస్సు అటువైపు వచ్చేది రోజుకు రెండుసార్లు, అదీ కాలేజీ వేళకు కాదు. ఆ కాలనీలో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల అది. దాని చదువుకు తన నోరే అడ్డం పడిందని మాదమ్మాళ్‌కు ముద్ద దిగలేదు. కూతురి ముందు తలెత్తలేక ఆదివారం తన అన్న వీరన్ దగ్గరికి పోయి ఏడ్చింది. వీరన్ కాలనీ అందర్నీ బావి దగ్గరికి పిలిచాడు.

ఆ బావికో కథ ఉంది. ఊరి బావిలో చెయ్యి పెట్టనివ్వకపోతే వీరన్ తాతలు రాతినేలను గడ్డపారలతో ఏడాదిపాటు తవ్వి నీళ్ళు చూశారు. ఇప్పుడది ఎండిపోయింది, పైన ఇనుప వల కప్పి ఉంది. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే ఆ నూరు గడపలకూ తమ ఊరి పేరు ఈనాటికీ బావికాడే. పెళ్ళి చెప్పినా చావు చెప్పినా బావికాడే. ఆ తెలుగు గడప దాటదు కనక ఆ పేరూ గడప దాటలేదు. బయట బోర్డు మీద, రేషన్ కార్డు మీద, టికెట్ మిషనులో ఇంకో పేరు కూచుంది.

భవన కార్మికుల సంఘం సత్య కూడా వచ్చింది. వాదన మధ్యాహ్నం మొదలై పొద్దు వాలేదాకా సాగింది. పేరు మారితే కూలి పెరుగుతుందా, ఉన్న బస్సు కూడా పోతుంది అన్నాడు చిన్నప్పన్. మన కులం పేరుకు మనమే వెక్కపడితే, సిగ్గుపడితే ఎట్లా అని వీరన్ లేచాడు. వయసులో ఉండగా డప్పు మీద ఆయనకు ఎదురు లేదు. ఆ మాటను వాళ్ళ నోట్లోంచి లాక్కుని మన జెండా మీద మనమే రాసుకుందాం, అప్పుడు దాంతో ఎట్లా తిడతారో చూద్దాం అన్నాడు. సగంమంది చప్పట్లు కొట్టారు. మిగతా సగం తలలు వంచుకున్నారు, వాళ్ళలో మాదమ్మాళ్ ఒకతె. ఆ మాట తన నోట్లో ఎలా ఉందో ఆమెకింకా గుర్తుంది.

అంతసేపూ గోడకానుకుని ఉన్న ఇళవరసి అప్పుడు మాట్లాడింది.

"మామా, మనల్ని మనం ఏమని పిలుచుకుంటామో మన ఇష్టం. జెండా మీద రాసుకుంటే రాసుకుందాం. అయితే వాడు ఏమని పిలిస్తే మనం దిగాలో, అదీ మన ఇష్టమే."

స్టాపును బావికాడ అనే పిలవాలని మొదట ఫిర్యాదు ఇద్దామంది సత్య. ఇరవైమంది స్టేషనుకు పోయారు. ఎస్సై కాగితం చదివి పక్కన పెట్టాడు. కండక్టర్ తిట్టాడా, కొట్టాడా, ఉన్న పేరు పలికాడు, మీ సర్టిఫికెట్లలో ఉన్నదీ ఆ మాటే కదా అన్నాడు. ఈలోగా బస్సు యజమాని ఒక లోకల్ చానల్లో కనపడ్డాడు. ఈ దేశంలో నోరు విప్పడమే నేరమైపోయింది, ఇవాళ ఊరి పేరు పలకొద్దంటున్నారు, రేపు ఊపిరి పీల్చొద్దంటారు, మాట్లాడే స్వేచ్ఛ కోసం కోర్టుదాకా పోతాను అన్నాడు. మళ్ళీ అడగబోతే ఎస్సై ఆ వీడియో వాళ్ళకే చూపించాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది అని అడిగాడు.

"ఆయన నోరు కుట్టమని మేం అడగలేదు సార్," అంది ఇళవరసి. "ఆయనకు ఆ మాట అనే హక్కుంటే, ఆ మాటకు లేవకుండా కూచునే హక్కు మాకుంది."

ఆ పై వారం, సోమవారం సాయంత్రం కాలనీవాళ్ళు ముప్పైమంది అదే బస్సెక్కారు. ఇళవరసి కూడా ఎక్కింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి పాల సొసైటీ దగ్గర ఒక్కరూ దిగలేదు. తర్వాతి స్టాపులో ధర్మరాజ్ ఆ పేరు కేకేశాడు. ఎవరూ లేవలేదు. గొంతు పెంచి మళ్ళీ కేకేశాడు, మళ్ళీ కేకేశాడు. బావికాడ అను, దిగుతాం అంది సత్య. ధర్మరాజ్ ఫోను తీశాడు. అనొద్దని యజమాని మాట. అంటే ఉద్యోగం ఊడుతుంది. అతనూ కూలివాడే కదా అని ఆ క్షణంలో మాదమ్మాళ్‌కు జాలి కూడా కలిగింది.

అరగంట గడిచింది. మిగతా ప్రయాణికులు తిట్టడం మొదలుపెట్టారు. సత్య లేచి వాళ్ళతో మొరపెట్టుకుంది. మీరూ మేమూ ఒకే మెట్లు కడతాం, ఒకే ఎండలో కాలతాం, మిమ్మల్ని మీ ఊరి పేరుతో దించుతున్నారు, మమ్మల్ని తిట్టి దించుతున్నారు, ఒక్కరోజు మాతో కూచోండి అంది. కొందరు దిగి నడిచిపోయారు. సెంగోడన్ దిగలేదు, మాట్లాడనూ లేదు.

పోలీసు వ్యాను వచ్చింది. ఏడుగుర్ని జుట్టు పట్టుకుని, రెక్కలు పట్టుకుని దించారు. వాళ్ళలో వీరన్ ఉన్నాడు, సత్య ఉంది, ఇళవరసి ఉంది. మాదమ్మాళ్ కూతురి చున్నీ కొస పట్టుకుని వ్యానుదాకా పోయింది. కొస చిరిగి చేతిలో మిగిలింది.

స్టేషనులో రైటర్ ఒక్కొక్కరినీ పేరు, ఊరు అడిగి కంప్యూటర్లో ఎక్కించాడు. బావికాడ అని చెప్పింది ఇళవరసి. అలాంటి ఊరు జాబితాలో లేదన్నాడు. జాబితాలో లేకపోయినా నేను పుట్టింది అక్కడే అంది. అతను జాబితాలో ఉన్న పేరే నొక్కాడు. ఆమె సంతకం పెట్టలేదు. దారి అడ్డగించారని, కండక్టర్ని బెదిరించారని కేసు. పదిహేను రోజుల రిమాండు. పరీక్షలు పన్నెండు రోజుల్లో ఉన్నాయి.

మాదమ్మాళ్ మర్నాడు జైలు గేటు దగ్గర టిఫిన్ డబ్బా పట్టుకుని మూడు గంటలు నిలబడింది. ములాఖత్ రోజు కాదన్నారు. కోర్టు దగ్గర వకీలు ఒక కాగితం చేతిలో పెట్టాడు. కూతురి కేసు కాగితం. ఆమెకు చదువు రాదు. బుధవారం పనిలో, కలిపిన కాంక్రీటు బాండలి దించి, చేతులు తుడుచుకుని, ఆ కాగితం సెంగోడన్‌కు ఇచ్చింది. ఆయన గోడ నీడలో కూచుని గట్టిగా చదివాడు. పేరు ఇళవరసి, వయసు పంతొమ్మిది, తల్లి మాదమ్మాళ్. ఊరు అన్నచోట ఆగిపోయాడు. ఆ ఒక్క మాట వదిలేసి కింది వరస చదివాడు. కాగితం మడిచి ఇస్తున్నప్పుడు ఆయన ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

ఆమె ఏడవలేదు. ఆ కాగితం రవికలో పెట్టుకుని సాయంత్రందాకా పనిచేసింది.

ఐదున్నర బస్సులో ధర్మరాజ్ ఆమె ముందుకు వచ్చాడు. ఎక్కడికని అడగలేదు. పోయినసారి ఆమె నోటినుంచే విన్నాడు కదా, మిషను నొక్కబోయాడు.

"బావికాడ," అంది మాదమ్మాళ్. "ఒకటి."

మిషనులో అలాంటి స్టాపు లేదన్నాడు. ఈ బస్సులో ఇన్నేళ్ళూ తమిళం తప్ప మాట్లాడని మాదమ్మాళ్ తెలుగులోనే అంది.

"ఉండాది. నా బిడ్డ దానికోసరమే జైల్లో ఉండాది."

ధర్మరాజ్ విజిల్ వేశాడు. బస్సు నడిరోడ్డు మీద ఆగింది. సరిగ్గా ఆ రోజు ఆగిన చోటే కాకపోయినా, ఇంటికి అక్కణ్ణుంచీ దూరమే. మాదమ్మాళ్ గంప తీసుకుని దిగింది. ధర్మరాజ్ వెనక సీటుకు తిరిగాడు. అక్కడ గోవిందమ్మాళ్ కూచుని ఉంది, మాదమ్మాళ్ కంటే పదేళ్ళు పెద్దది, మోకాళ్ళ నొప్పులు.

"బావికాడ. ఒకటి," అంది గోవిందమ్మాళ్, లేచి నిలబడుతూనే.

తర్వాత సెల్వరాణి. తర్వాత చిన్నప్పన్, ఉన్న బస్సు పోతుందని వాదించిన చిన్నప్పనే. అలా పదకొండుమంది దిగారు. సెంగోడన్ దిగలేదు. కిటికీలోంచి మాత్రం ఈసారి వాళ్ళవైపే చూశాడు. బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది.

పన్నెండు కిలోమీటర్ల నడక. గోవిందమ్మాళ్ గంప కూడా మాదమ్మాళే ఎత్తుకుంది. ఈ నడకతో ఇళవరసి విడుదల కాదని అందరికీ తెలుసు. పరీక్ష పోతుందనీ తెలుసు.

"రేపు ఎట్లా పాపా?" అని అడిగింది గోవిందమ్మాళ్.

"రేపూ ఇదే బస్సు ఎక్కుతాము అక్కా," అంది మాదమ్మాళ్. "ఇదే టికెట్ అడుగుతాము. ఇయ్యకపోతే దిగి నడుస్తాము."