పడని మందు

వెన్నెముకలోకి పాకిన రాచపుండు మనిషిని పడుకోనివ్వదు, కూర్చోనివ్వదు. బస్సు డిపోలో ఇంజన్లు విప్పి బిగించిన ఆ ముసలి మెకానిక్కు దుప్పటి అంచు తగిలినా అరుస్తున్నాడు. ఆయనకు ఇస్తున్నది జ్వరానికి మింగే బిళ్ల. పక్క మంచం మీద వడ్రంగిదీ అదే జబ్బు. అతనికి మాత్రం నల్లమందు నుంచి తీసిన మార్ఫిన్ సూది పడుతోంది. హాయిగా గురక పెడుతున్నాడు.

మెకానిక్కుకు ఎందుకు లేదంటే, ఆయన మణికట్టుకు ఎర్ర పట్టీ ఉంది. కిందటిసారి ఆపరేషనప్పుడు ఆ సూది వేస్తే ముక్కు దురద పెట్టింది, ఛాతీ ఎర్రబడింది. ఎవరో కుర్ర డాక్టరు ఈ మందు పడదని తేల్చేసి పట్టీ కట్టి పోయాడు. ఊపిరి ఆడలేదా, గొంతు వాచిందా, బీపీ పడిపోయిందా అని అడిగిన నాథుడు లేడు. ఎర్ర పట్టీ కట్టడానికి ఎవడైనా చాలు. విప్పడానికి మాత్రం పెద్ద డాక్టరు రావాలి.

పెద్ద డాక్టరుకు వార్డు పెట్టిన పేరు చూద్దాంగారు. ఏమడిగినా చూద్దాం అంటాడు, ఎవరినీ చూడడు. మెకానిక్కు కూతురు బస్సు నడుపుతుంది. డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చి, రౌండ్లకు వచ్చిన ఆయనకు అడ్డంగా నిలబడింది. వచ్చింది దురదొక్కటేననీ, దానికి ప్రాణాలు తోడేసే నొప్పి భరించమనడం ఎక్కడి న్యాయమనీ అడిగింది. ఆయన చూద్దాం అన్నాడు. మంచం మీది నుంచి తండ్రి అందుకున్నాడు.

"దురదొస్తే గోక్కుంటానయ్యా. చేతులున్నాయిగా. ముందు సూది వెయ్యండి."

డాక్టరు వెనక ఉన్న విద్యార్థుల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఆయనకు తగలాల్సిన చోటే తగిలింది. సరే, ఇప్పుడే పరీక్ష చేసి తేలుస్తానన్నాడు.

ముసలాయన ముంజేతి మీద మందు చుక్క వేసి, సన్న సూదితో గుచ్చాడు. కాసేపటికి దోమ కుట్టినట్టు దద్దు లేచింది. డాక్టరు దాన్ని విద్యార్థులందరికీ చూపించాడు. తన చెయ్యే తనకు ద్రోహం చేసినట్టు ముసలాయన మొహం తిప్పుకున్నాడు.

ఇక్కడ సూటిగా చెప్పాలి. ఈ మందు ఎవరి చర్మంలో గుచ్చినా పొంగుతుంది. అది మందు గుణం, మనిషి దోషం కాదు. నిజంగా పడదా అన్నది తేల్చాలంటే కొద్దికొద్దిగా ఇస్తూ, పక్కనే కూర్చుని, ఊపిరీ నాడీ చూసుకోవాలి. కూర్చోవాలి. వచ్చిన చిక్కల్లా అదే.

కూతురికి ఇదేమీ తెలియదు. డాక్టరు మీద నమ్మకం లేదు, అంతే. చొక్కా చెయ్యి పైకి మడిచి తనకూ గుచ్చమంది. గుచ్చాడు. ఆమెకూ పొంగింది.

"చూశారా, వంశంలోనే ఉంది" అన్నాడు డాక్టరు. ఆమె మణికట్టుకూ ఎర్ర పట్టీ కట్టించాడు.

అప్పుడు వడ్రంగి భార్య లేచింది. రాత్రిళ్లు ఈ ఇద్దరాడవాళ్లూ రెండు మంచాల మధ్య ఒకే చాప మీద పడుకుంటారు.

"నేను వీళ్లకు చుట్టాన్నీ కాదు, పక్కాన్నీ కాదు. ఏదీ, నాకు గుచ్చండి."

ఆమెకూ పొంగింది.

ఇక మిగిలింది మీరేనండీ అంది కూతురు. డాక్టరు చొక్కా గుండీ మీద చెయ్యి కూడా వెయ్యలేదు. విద్యార్థులు ఆయన మొహంకేసి చూస్తున్నారు. నా పరీక్ష తప్పు అని ఒక్క మాటంటే అయిపోయేది. ఆ మాట అనేకంటే ఆయనకు ఇంకేదైనా తేలికే.

"ఈ సరుకే తేడాగా ఉంది. అదేదో తేలేదాకా వార్డులో ఎవరికీ ఇవ్వకండి" అని సిస్టరుకు చెప్పాడు.

తేడా సరుకులో కాదు, పరీక్షలో ఉందని కూతురు వెంటపడి చెప్పింది. ఆయన అప్పటికే తలుపు దాటాడు. పరీక్ష తప్పని సిస్టరుకు తెలుసు. నోరు విప్పితే ఉద్యోగం ఉండదనీ తెలుసు. మందు బీరువాకు తాళం వేసింది.

మధ్యాహ్నానికి వడ్రంగికి మెలకువ వచ్చింది. మొదట నీళ్లడిగాడు. తర్వాత మూలిగాడు. ఆ తర్వాత అరవడం మొదలుపెట్టాడు. అతని భార్య సిస్టరు దగ్గరికి పరుగెత్తింది, తాళం చూసి వచ్చింది. నేరుగా మెకానిక్కు కూతురి ముందు నిలబడింది.

"మీ నాన్నకు ఇప్పించుకోలేక నా మొగుడికీ లేకుండా చేశావు కదే."

ఇద్దరం కలిసి సూపరింటెండెంటు గది ముందు కూర్చుందాం, తాళం తీసేదాకా లేవొద్దు అంది కూతురు. ఆమె వినలేదు. తన చేతి మీది దద్దును గోళ్లతో రక్కుకుంటూ, బుద్ధిలేక చెయ్యిచ్చానని తనను తాను తిట్టుకుంది. తర్వాత కూతుర్ని తిట్టింది, కూతురి ఉద్యోగాన్ని తిట్టింది, ఆ ఖాకీ చొక్కాను తిట్టింది. డాక్టరును ఒక్క మాటా అనలేదు. సాయంత్రం రౌండ్లకు వచ్చేది ఆయనే కదా, కాళ్లు పట్టుకోవాల్సింది ఆయనవే కదా.

రెండు మంచాల మీదా ఇద్దరు మగాళ్లు ఒకరి తర్వాత ఒకరు అరుస్తున్నారు. అరుపుల మధ్య కాస్త ఊపిరి అందినప్పుడు ముసలాయన కూతురితో అన్నాడు.

"వాడికైనా నిద్రుండేదమ్మా."

ఆమె వడ్రంగి మంచం దగ్గరికి వెళ్లి అతని పాదాలు ఒత్తబోయింది. అతని భార్య ఆ చెయ్యి తీసి అవతలికి విసిరేసింది.