గున్నమ్మ పొయ్యి వేరుపడింది

ట్రే కాటా మీద పడింది. సుహాసిని అంకె చూసి రాసుకుంది. మళ్ళీ ట్రే. ఐసు నీళ్ళకు కాలివేళ్ళ సందులు తెల్లగా నానిపోయాయి. చెవికీ భుజానికీ మధ్య ఫోను నొక్కిపెట్టి, భోగాపురంలో నెట్ సెంటరు నడిపే నరసింగరావుతో మాట్లాడుతోంది.

"ఇయ్యాలే ఆఖరు పాపా. రిటర్ను ఏస్తే నీ డబ్బు నీకొస్తాది. మీ అమ్మమ్మ పింఛను సంగతే నాను సెప్పలేను."

"ఏటయిపోద్ది అన్నయ్యా?"

"ఇంట్లో పన్ను కట్టినోళ్ళుంటే కంప్యూటరు పింఛను కోసేస్తాదంతన్నారు. నిజమో అబద్దమో నాకేటి తెలుసు?"

జరిగింది ఇంతే. డిగ్రీ చదువుతూ, కాలేజీ లేని రోజుల్లో ఆమె ఈ రొయ్యల షెడ్డులో తూకాలు రాస్తుంది. కాంట్రాక్టరు ఆ కూలికి ఏదో ఫీజు అని పేరు పెట్టి వందకు పది చొప్పున పన్ను కోసేశాడు. పన్ను పడేంత సంపాదన ఆమెకు లేదు. లేదు మొర్రో అని చెప్పుకోవడానికి కూడా పన్ను వాళ్ళ గుమ్మమే ఎక్కాలి! ఆ డబ్బు తిరిగొస్తే వచ్చే ఏడాది కాలేజీ ఫీజు. రాకపోతే చదువు ఇక్కడితో సరి. పింఛను పోతే మాత్రం అమ్మమ్మ మాత్రలూ, ఇంటద్దే రెండూ పోతాయి.

షెడ్డు చప్పుడుకి ఫోను స్పీకర్లో ఉంది గనక, ఐసు కోసం గేటు దగ్గర గంప దించిన గున్నమ్మ ఇదంతా వింది. చిన్న కూతురు పోయాక ఈ పిల్లను పెంచింది ఆమే. ఊరూరా చేపలు మోసి మోసి నడినెత్తిన జుట్టు ఊడిపోయింది, మెడ ఓ పక్కకు ఒరిగిపోయింది.

"ఏటే, ఆ కంప్యూటరుకి నా పింఛనేటి సేసింది?"

"ఒకింట్లో ఉన్నోళ్ళని ఒకటిగా సూస్తాదట అమ్మమ్మా."

"ఏరుపడిపోతే?"

"ఏమో. నాకూ తెల్డం లేదు."

గున్నమ్మ చుట్టకుదురు నెత్తిన సర్దుకుని, గంప ఎత్తించుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం సుహాసిని గ్రామ సచివాలయానికి పరుగెత్తింది. అక్కడ పింఛన్లు చూసే అనూరాధ మేడమ్ కంప్యూటరు తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "రిటర్ను వేరు, పన్ను కట్టడం వేరు అనుకుంటానమ్మా. కానీ మాకు సిస్టమ్ ఏం చూపిస్తే అదే. మీ కాలేజీలో అడుగు." కామర్స్ చెప్పే నారాయణమూర్తి మాస్టారికి ఫోను చేసింది. "రిటర్నుకు భయం లేదమ్మా. పింఛను సంగతి సచివాలయంలో అడుగు."

"అక్కడే ఉన్నాను సార్."

అడగడానికి ఇంకెవరున్నారు? చదువుకున్నవాడు ఒక్కడూ అవునని అనడు, కాదని అనడు. మునిగేది మనం గనక వాళ్ళకు తొందరేముంది?

సాయంత్రం షెడ్డులో మిగిలిన పని ముగించి, రిటర్ను వెయ్యకూడదని నిశ్చయించుకుని ఇంటికొచ్చింది. వాకిట్లో మూడు ఇటుకలు పేర్చి ఉన్నాయి. వాటి మధ్య బూడిద ఇంకా వెచ్చగా ఉంది. పక్కింటి తాతమ్మ గోడ మీంచి తల ఎత్తింది.

"మీయమ్మమ్మ ఏరుపడిపోనాదే. ఏరే పొయ్యి పెట్టి, గెంజి కాసి, నన్ను సాచ్చిగా కూకోబెట్టి తాగినాది. మీ పెద్దమ్మకాడికి ఎల్లిపోనాది."

ఆ పేటలో అన్నదమ్ములు వేరుపడేది అలాగే. వేరే పొయ్యి మీద గంజి, ఒక సాక్షి. దానికి మించిన కాగితం ఇన్నాళ్ళూ ఎవరికీ అవసరపడలేదు.

సుహాసిని ఫోను చేసింది. అవతల రైలు చప్పుడు.

"నౌపడ దగ్గరికొచ్చీసినానే. ఇంక నువ్వేరు, నానేరు. ఆ నరసింగిగాడిని కంప్యూటరు నొక్కీమను."

"అమ్మమ్మా, కార్డులో ఇంకా..."

"కార్డులో ఏటి?"

గూట్లో బియ్యం కార్డు ఉంది. కంప్యూటరు ఒకిల్లని చూసేది దాన్నే; దాని మీద ఇద్దరి పేర్లూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.

"ఏటీ లేదు. మాత్రలు ఏసుకున్నావా?"

"ఏసుకున్నాను. డబ్బా ఎనక సింతపండు పెట్టినాను, సూసుకో."

సుహాసిని నరసింగరావుకు ఫోను కలిపింది. "రిటర్ను ఏసీ అన్నయ్యా."

"పింఛనో?"

"తెల్దు."

మేకుకు గున్నమ్మ చుట్టకుదురు వేలాడుతోంది. పాత చీరపేలిక మడతలు ఆమె నడినెత్తి వాటంగా నొక్కుకుపోయి, ఐసు నీళ్ళకు ఇంకా తడిగానే ఉన్నాయి.