పాటకు సొంత అక్షరాలు

మనీషా చేసిన పాటల వెబ్‌సైట్‌ను రేపల్లె చర్చిలో మొదటిసారి తెరిచిన రోజున ఒక్క పాటా కనిపించలేదు. రెండు వందల మంది ఆడవాళ్ల ఫోన్లలో రెండు వందల తెల్ల కాగితాలు.

తప్పెవరిదంటే నూటికి నూరుపాళ్లూ మనీషాదే. తెనాలిలో ఇంట్లో కూర్చుని, మంచి వైఫై పెట్టుకుని, నూరుసార్లు తెరిచి చూసుకుంది. ప్రతిసారీ చిటికెలో వచ్చింది. ఆఫీసుల వెబ్‌సైట్లయితే జనం ఒకరి తర్వాత ఒకరు చూస్తారు. చర్చిలో అలా కుదురుతుందా? "నలభై రెండో పాట" అనగానే అందరూ లేచి ఒక్కసారే పేజీ తిప్పుతారు. పాటల పుస్తకం పట్టుకుని పెరిగిన పిల్ల ఆ సంగతే మరిచిపోయింది. ఇంత చదువూ చదివి ఏం లాభం!

ఆ నలభై రెండో పాట ఆమె పిన్ని ప్రమీల రాసింది. ప్రమీల రేపల్లెలో అంగన్‌వాడీ టీచరు. ముప్పై ఏళ్లుగా పాటలు రాసి నోటుపుస్తకాల్లో దాచుకుంటోంది. ఒక్కటీ అచ్చుకెక్కలేదు. బాపట్లలో జరిగే స్త్రీల కూటానికి ఈ ఏడు పుస్తకాలు మానేసి పాటలన్నీ ఫోన్లలోనే పెడదామనుకున్నారు కాబట్టి ఆమె పాటకూ చోటు దొరికింది. కూటానికి పెద్ద హెలెన్ గారు. లెక్కల టీచరుగా రిటైరయ్యారు, నవ్వుతూనే కోసేస్తారు. ముందు సాధనగా పెట్టుకున్న రేపల్లెలో జరిగింది చూసి, శనివారం బాపట్లలోనూ ఇంతే అయితే ప్రమీల పాట మానేసి అందరికీ నోటికొచ్చిన పాత పాటే పాడిస్తానని చెప్పేశారు. ప్రమీల పర్లేదులేమ్మా అంది. తిట్టినా బాగుండేదనిపించింది మనీషాకు.

తెనాలి చేరి తన పేజీని తనే విప్పి చూసుకుని నోరు వెళ్లబెట్టింది. అక్షరాల ఫాంటు ఒక కంపెనీ నుంచి వస్తోంది, బొమ్మలు ఇంకో కంపెనీ నుంచి, మెనూ కదిలించే ప్రోగ్రాము మూడోచోటి నుంచి. అవన్నీ వచ్చేదాకా పాట గడప దాటదు. ఉప్పు ఒకరింట్లో, పప్పు ఒకరింట్లో, పొయ్యి వేరొకరింట్లో పెట్టుకుని వంటకు కూర్చున్నట్టుంది వ్యవహారం. పైగా ఈ పేజీ ఎవరు ఎప్పుడు తెరిచారో ఆ ముగ్గురికీ తెలిసిపోయే వీలుంది. మన ప్రార్థనలతో వాళ్లకేం పని?

ఇక చూడాలి ఆమె హడావిడి! ఫాంటును తన సర్వర్లోకే తెచ్చుకుంది. ఎవరైనా వాడుకోవచ్చని ఇచ్చిందే గనుక అడిగేవాళ్లు లేరు. తెలుగు తప్ప మిగతా భాషల అక్షరాలు తీసేస్తే దాని బరువు సగానికి సగం తగ్గింది. బొమ్మల్లో కావలసినవి తన దగ్గర పెట్టుకుని తక్కినవి పీకేసింది. మెనూ ప్రోగ్రాము అసలెందుకు పెట్టిందో ఆమెకే అర్థం కాలేదు, అవతల పారేసింది. ఫాంటు ఆలస్యమైనా ఫోన్లో ఉన్న మామూలు అక్షరాలతో పాట ముందు కనిపించాలని రాసింది. ఒకసారి తెరిస్తే పాటలన్నీ ఫోన్లోనే ఉండిపోయేలా చేసింది. ఒక్కో పనీ అవుతుంటే కుర్చీలో కూర్చోలేక గదంతా తిరిగింది.

గురువారం బస్సెక్కి సూర్యలంక సముద్రతీరానికి వెళ్లింది. ఒడ్డున సిగ్నలు ఒక్క గీతకు పడిపోయేదాకా నడిచి, అక్కడ చేపలు ఎండబెడుతున్న మాణిక్యం దగ్గర అద్దం పగిలిన పాత ఫోను అడిగి తీసుకుంది. వేలు పెట్టిందో లేదో, పాట మొత్తం వచ్చేసింది. మనీషా ఇసుకలో గెంతులేసింది. ఏంటమ్మా, లాటరీ గానీ తగిలిందా అని మాణిక్యం నవ్వింది.

శనివారం బాపట్లలో వెయ్యి మంది పైనే కూర్చున్నారు. ఎవరూ ఇంకా ఫోను తియ్యలేదు. హెలెన్ గారు మైకు అందుకుని మనీషా వంక ఒకసారి చూశారు.

"నలభై రెండో పాట."

అందరూ లేచారు. తలలు ఫోన్ల మీదికి వంగాయి. మరుక్షణం ముందు వరసలో ఎవరో అందుకున్నారు, వెనక వరస కలిసింది, తర్వాత హాలంతా. ప్రమీల తెలిసిన బాణీలోనే రాసింది కాబట్టి ఎవరూ తడుముకోలేదు. మనీషాకు ఆనందం పట్టలేక ఏడుపొచ్చింది.

ముందు నిలబడ్డ ప్రమీల మాత్రం నోరు తెరవలేకపోయింది. ఆమె పక్కన చీరాల నుంచి వచ్చిన ఓ ముసలామె ఫోను దూరంగా పట్టుకుని, పాట కింద రాసిన పేరు మీద వేలు పెట్టింది. పాటల పుస్తకంలో పేర్లున్నవాళ్లంతా ఎప్పుడో కాలం చేసినవాళ్లే కదా.

"ఎంత బాగా రాసిందమ్మా! ఈ ప్రమీల పోయి ఎన్నేళ్లయిందో ఏంటో."

ప్రమీల కళ్లు తుడుచుకుంది.

"ఇంకా పోలేదండి. నేనేనండి."

ముసలామె ఆమెను ఎగాదిగా చూసి, ఫోను సంచిలో వేసి, చెయ్యి గట్టిగా పట్టుకుంది. మిగతా చరణాలు ఫోను చూడకుండానే, ప్రమీల పాడుతుంటే వెనకాలే అందుకుంది.