చేపపొలుసుల అంచు

నాగవేణికి కొత్తవాళ్ళంటే గిట్టదు. గిట్టకపోవడానికి కారణం ఉంది. అంతకుముందు ఏడాది, కాలేజీలో చదువుతున్నానని చెప్పుకుంటూ ఒకడు పెడన వచ్చి వాళ్ళ వీధిలో మగ్గాలన్నిటికీ ఫోటోలు తీసుకుపోయాడు. దసరా నాటికల్లా ఎదురింటివాళ్ళ నెమలి అంచు మరమగ్గం చీరల మీదికెక్కి, బెజవాడ కొట్లలో సగం ధరకి వేలాడింది. అప్పటి నుంచి ఆ వీధిలో ఏ గడప ముందు కొత్త చెప్పులు కనిపించినా సరే, లోపల మగ్గం మీద పాత పంచె పడిపోతుంది.

అందులోనూ నాగవేణి మగ్గం మీద ఉన్నది ఇంకెవరి దగ్గరా లేని అంచు. బందరు చేపల బజారులో బొచ్చె చేప పొలుసు గీస్తుంటే చూసి, బుర్ర బద్దలుకొట్టుకుని తనే కట్టుకున్న చేపపొలుసుల అంచు. భర్త మార్కండేయులు నడుం పట్టేసి మగ్గం గుంటలోకి దిగడం మానేసి చాలా ఏళ్ళయింది. ఆమె నేస్తుంది, ఆయన చీరలు మడతపెట్టి విజయవాడలో జ్ఞానేశ్వర్ గారి కొట్టుకి పట్టుకెళ్తాడు. మెప్పంతా పట్టుకెళ్ళినవాడిదే. నీ చేతిలో ఏదో ఉందయ్యా అని షావుకారు అన్నాడని ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పేవాడు. నాగవేణి నవ్వి ఊరుకునేది. మొగుడూ పెళ్ళాల మధ్య పేరుకి వాటాలేమిటి అనుకునేది, పిచ్చిమొహం.

అలాంటి ఇంటికి ఉష వచ్చింది. విజయవాడలో డ్రాయింగ్ టీచరట. పని చేసుకుని బతికే ఆడవాళ్ళ బొమ్మలు వేస్తూ జిల్లా అంతా తిరుగుతోందట. ఊరికే ఎవరైనా బొమ్మలు వేస్తారా? అదీ మనలాంటివాళ్ళవి? నాగవేణి నమ్మలేదు. మంచినీళ్ళిచ్చే వంకతో ఆమె సంచిలోకి తొంగి చూసింది. కెమెరా లేదు, రంగులూ కుంచెలూ ఉన్నాయి. అయితే మాత్రం? చూసింది చూసినట్టు గీసేదానికి కెమెరాతో పనేముంది?

ఉష చూపు పంచె కప్పిన మగ్గం మీదికి పోనే పోయింది.

"మగ్గం మీద కూర్చునేది ఎవరండీ?"

నేనే అంటే ఆ తరవాతి మాట ఏమిటో నాగవేణికి తెలుసు. కాస్త నేసి చూపించమంటుంది. చూపిస్తే అంచు గంగపాలు. అదే మొగుడి పేరు చెప్తే గొడవే లేదు, ఆయన ఊళ్ళో లేడు.

"మా ఆయనండి. నేను ఊరికే కండెలు చుడతాను," అంది తడుముకోకుండా.

అన్నందుకు రాట్నం ముందేసుకుని కూర్చోక తప్పలేదు. ఆమె నూలు చుడుతుంటే ఉష గీసుకుంది. ఆ తరవాత కూడా వచ్చింది, మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఒకరోజు నాగవేణి అరికాళ్ళ వైపు చూసి, ఆ కాయలేమిటండీ అని అడిగింది. మగ్గం తొక్కీ తొక్కీ కాసిన కాయలవి. నాగవేణి గబుక్కున కాళ్ళు చీర కిందికి లాక్కుని, నడక ఎక్కువండీ అని చెప్పింది. ఉష అదోలా చూసి మళ్ళీ కుంచె పట్టుకుంది. ఆ చూపుతో నాగవేణికి మిగిలిన కాస్త సందేహమూ తీరిపోయింది. ఇది టీచరూ కాదు, పాడూ కాదు. ఏదో కొట్టువాళ్ళు పంపిన మనిషే.

బొమ్మలన్నీ బెజవాడ గవర్నరుపేటలో ఒక హాల్లో పెట్టి, ఉష అందరినీ రమ్మని కబురు చేసింది. తన అంచుని ఏ మూల దాచి గీసిందో కనిపెట్టి అక్కడే కడిగేద్దామని నాగవేణి మొగుణ్ణి వెంటబెట్టుకుని బస్సెక్కింది.

హాల్లో ముందుగా కనిపించింది సముద్రపొడ్డున చేపలు పట్టే రత్తమ్మ బొమ్మ, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి ఉంది. ప్రతి బొమ్మ కిందా ఆ మనిషి తన గురించి తను చెప్పుకున్న మాట రాసి పెట్టారు. "పడవ నాది, వల నాది. ఎవడికీ జవాబు చెప్పను," అని రత్తమ్మ కింద ఉంది. నాగవేణి తన బొమ్మ దగ్గరికెళ్ళి అంగుళం అంగుళం వెతికింది. చీరకి సాదా అంచు. వెనక సున్నం గోడ. పొలుసు ముక్కైనా ఎక్కడా లేదు. హమ్మయ్య అనుకుని కింద రాసింది కూడబలుక్కుని చదివింది.

"నాగవేణి. మా ఆయన నేస్తాడు. నేను ఊరికే కండెలు చుడతాను."

వేలు పెట్టి మళ్ళీ చదివింది, అదే మాట. ఉష పక్కకొచ్చి మెల్లిగా అంది.

"మీ కాళ్ళు చూసినప్పుడే నాకు అనుమానం వచ్చిందండీ. కానీ ఎవరి గురించి వాళ్ళు చెప్పుకున్నదే రాయాలని పెట్టుకున్నాను. మీ మాట కాదని నేనెలా రాస్తాను?"

అంతలో బొమ్మలు చూడ్డానికొచ్చిన జ్ఞానేశ్వర్ గారు కింది మాట చదివి, మార్కండేయులు భుజం మీద చెయ్యేశారు. పక్కనున్న నలుగురినీ పిలిచి, చేపపొలుసుల అంచు నేసే మహానుభావుడు ఈయనేనండీ అని చూపించారు. నాగవేణి మొగుడి మొహంలోకి చూసింది. ఇప్పుడు చెప్తాడు. చెప్పకేం చేస్తాడు? మార్కండేయులు మెడ గోక్కుని, చేతులు జోడించాడు.

"ఏదోనండి, మీ అందరి దయ."

నాగవేణి గిరుక్కున తిరిగి బయటికి నడిచింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇన్నాళ్ళూ వీధి వైపు కాపలా కాసింది. తీరా చూస్తే తలుపు తీసి పెట్టింది కూడా తనే, అదే ఎక్కువ మండింది. నలుగురిలో ఏం చెప్పమంటావు, నువ్వన్నదేగా అని బస్సులో ఆయన గొణిగాడు. ఆ మాట తన నోట రావాలని ఆయన ఎప్పటి నుంచి ఎదురుచూస్తున్నాడో అని మొదటిసారి అనుమానం వచ్చింది.

కొన్నాళ్ళకి జ్ఞానేశ్వర్ గారు తన కొట్టులో కొనే పెద్దింటి ఆడవాళ్ళని కారెక్కించుకుని పెడన వచ్చారు. మార్కండేయులు నేస్తుంటే వాళ్ళు చూడాలట. మార్కండేయులు పెళ్ళానికి కళ్ళతో సైగ చేశాడు, ఏదో ఒకటి చెప్పి గట్టెక్కించమని. నాగవేణి రాట్నం ముందు బాసింపట్టేసుకుని కూర్చుంది.

"మీరు నెయ్యండి. నేను ఊరికే కండెలు చుడతాగా," అంది.

ఆయన నడుం పట్టుకుని గుంటలోకి దిగాడు. నూలు కండె పెట్టిన నాడె విసిరితే అటు చేరకుండా మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ విసిరాడు. పోగులు తెగాయి. ముడి వేయబోతే పోగు చేతికి చిక్కలేదు. ఆడవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. జ్ఞానేశ్వర్ గారి నొసలు ముడిపడింది. ఒకసారి ఆయన్నీ, ఒకసారి ఆమెనీ చూడటం మొదలుపెట్టారు. మార్కండేయులు నాడె పక్కన పెట్టాడు. చివరికి తలెత్తకుండానే నోరు విప్పాడు.

"నేసేది మా ఆవిడండి. అంచు కూడా ఆవిడదే."

షావుకారుకి వినపడింది. కారులో వచ్చినవాళ్ళకీ వినపడింది.

నాగవేణి రాట్నం ఆపింది.

"నాకు వినపడలేదండి," అంది.