రూతమ్మ అను పెంటమ్మ

మా ఊళ్లో బైబిలు ఒకటే, బొందలగడ్డలే వేరు. బాప్టిస్టు వాళ్లది వాగుకు ఇవతల, హల్లెలూయ గుడి వాళ్లది అవతల. మా మామ ఇవతలి మట్టిలో పండుకున్నాడు. మా అత్త పెంటమ్మేమో ఆయన పోయినప్పటినుంచీ చప్పట్లు కొట్టుకుంటూ అవతలి గుడికే పోయింది. ఇప్పుడు మంచం పట్టి, "నన్ను మీ మామ పక్కనే పెట్టున్రి" అని ఒకటే పోరు.

పుస్తకంలో పేరున్నవాళ్లకే ఇవతల జాగ. బాప్టిస్టు సంఘం పుస్తకాలు చూసేదాన్ని నేనే. తీసి చూస్తే అత్త తల్లిదండ్రుల పేర్ల కింద అత్త పేరే లేదు, రూతమ్మ అని ఉంది. ఆ రూతమ్మ పసితనంలోనే 'ప్రభువునందు నిద్రించెను' అనీ ఉంది. ఆ తర్వాత అదే రూతమ్మకు బాప్తిస్మం! నా తల తిరిగిపోయింది.

"చచ్చింది మా అక్క," అంది అత్త. "ముందు పుట్టినోళ్లు దక్కలేదని నన్ను పెంటకుప్ప మీద పొర్లిచ్చి పెంటమ్మ అన్నరు. బాప్తిస్మమప్పుడు పాస్టరయ్య పేరడిగితె మా అమ్మ అక్క పేరు చెప్పింది. నోటితోటి పిలిస్తె గాలికి పోతదట, రాస్తె చావు చదువుతదట. చచ్చినోళ్ల పేరు చదివి అదేం జేస్తది?"

సంఘ పెద్ద దయాకర్ ఊరుకుంటాడా? "రాజమణీ, రూతమ్మకు జాగ ఎన్నడో ఇచ్చినం. మనిషికి రెండు బొందలుంటయా? అసలు పేరు ఆమె బతికుండంగనే ఎక్కియ్యాలె. పోయినంక ఎవ్వలు ఒప్పుకోరు."

అది చెబితే అత్త వద్దంటే వద్దంది. "ప్రభువును నమ్మినదానివి, గీ పిచ్చి భయాలేందత్తా?" అని కసిరాను. గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లారి తనే పిలిచింది.

"మీ మామ పక్కన జాగ ఇస్తరంటివి గద. రాయిపో."

మిట్టమధ్యాహ్నం గుడికి పోయి, దయాకర్ ముందే రాశాను: రూతమ్మ అను పెంటమ్మ.

ఇంటికొచ్చేసరికి, మంచం దిగలేని మనిషి తల దువ్వుకుని, తెల్లచీర కట్టుకుని గడప దగ్గర కూర్చుంది.

"రాసినవు గద," అంది.

"నీకెట్ల ఎరుక?"

"చిన్నప్పటిసంది నన్ను ఎవరో పిలుస్తనే ఉన్నరు. రూతమ్మా అంటరు. నా పేరు కాదని పలుకకపోతుంటి. ఇయ్యాల పెంటమ్మా అన్నరు. రెండుసార్లు."

దయ్యమైతే మూడోసారి పిలవదంటారు. ఆ ధైర్యంతోనే బయటికి చూశాను. ఎండలో వాకిలి ఖాళీగా ఉంది, ఒక్క కోడి కూడా లేదు. అప్పుడు నాకూ వినబడింది. బడిలో హాజరు పిలిచినట్టు, మెల్లగా, మర్యాదగా.

"పెంటమ్మా."

"పలుకకత్తా!" అని నోరు మూయబోయాను. నాకు ఏడుపొచ్చేసింది.

అత్త నా చెయ్యి పక్కకు నెట్టింది. "రాయించుకున్నంక పలుకకుంటె ఎట్లనే?" అంది. వాకిలివైపు తిరిగి, "ఆఁ, వస్తున్న," అంది.