తుకినెమ్ తోపుడు బండి

తుకినెమ్ పసుపు ముద్దను పల్చటి గుడ్డలో వేసి రెండు చేతులా పిండుతోంది. చిక్కటి రసం గిన్నెలోకి దిగుతోంది. పొయ్యి మీద చింతపండు, తాటిబెల్లం కలిసి ఉడుకుతున్నాయి. దంచే పని ఇప్పుడు మొగుడిది. రోలు ముందు గొంతుక్కూర్చుని వగినో రెండో వాయి దంచుతున్నాడు.

"మెల్లగా దంచవయ్యా! పసుపంతా గోడకి పూస్తున్నావా?"

"గోడక్కూడా కాస్త ఒంట్లో బాగుండొద్దూ!" అన్నాడతను.

పెళ్లి కాకముందు నుంచీ ఆమె జావా దీవిలోని సోలో ఊరి వీధుల్లో పసుపు కషాయం అమ్ముతోంది. సీసాల బుట్టను బాతిక్ అద్దకం గుడ్డతో వీపుకు కట్టుకుని నడిచీ నడిచీ కుడి భుజం కాస్త కిందికి వాలిపోయింది. నడుం నొప్పి కూడా ఆ మోత వల్లేననుకుంది. రొమ్ములో పుట్టిన కేన్సర్ వెన్నెముకలోకి పాకిందనీ, ఇక బరువు మొయ్యకూడదనీ పెద్దాసుపత్రిలో చెప్పారు. రోగం పేరు విన్నప్పుడు ఆమె ఏడవలేదు. ఇంటికొచ్చి, ఖాళీ బుట్ట పక్కన కూర్చుని ఏడ్చింది.

వారం తిరక్కుండా వగినో తన సైకిల్ రిక్షాను కోసేశాడు. అక్కడి రిక్షాలకు ముందువైపే ఉండే రెండు చక్రాలతో ఆమెకు తోపుడు బండి కట్టాడు. "ఈ రోజుల్లో రిక్షా ఎక్కేదెవరు? ఊరికే తుప్పు పట్టిపోతోంది," అన్నాడు. ఆ తర్వాత కొయ్య దుకాణంలో కూలికి కుదిరాడు.

ఆ రోజు కాచిన కషాయమంతా పొద్దున్నే అమ్ముకొచ్చి, ఇద్దరూ బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లారు. నర్సు రెట్నో ఎప్పటిలాగే ముందు నోరు తెరిపించి చూసింది. ఎముకల కోసం ఎక్కించే ఈ మందు ఒక్కోసారి దవడను దెబ్బతీస్తుంది.

"పంటి నొప్పేమైనా ఉందా అమ్మా? పన్ను తీయించుకున్నారా?"

"ఉన్నవే నాలుగు. వాటి జోలికెవరొస్తారు తల్లీ?"

"నీళ్లు బాగా తాగారా?"

"తాగకేం? దారిలో రెండుసార్లు బస్సు దిగాం," అన్నాడు వగినో. రెట్నో నవ్వు ఆపుకుంటూ సూది గుచ్చింది.

సంచిలో మందు తేటగా, మంచినీళ్లలా ఉంది. ఇది రోగాన్ని పోగొట్టదు. ఎముకలు విరగకుండా కాస్తుంది, అంతే. డాక్టరు ఆ మాట దాచకుండానే చెప్పాడు. ఆమెకూ అదే కావాలి. తన కాళ్ల మీద తను నడవాలి.

చుక్కలు పడుతుంటే చూస్తూ అంది. "ఏమయ్యా, ఒకటడుగుతాను, నిజం చెప్పు."

"ఊఁ."

"రిక్షా కోసే ముందురోజు కూడా స్టేషన్ దగ్గర నీకు బేరాలు ఆగలేదటగా. మంగలి సుపర్నో చెప్పాడు."

"వాడికి గొరగడం తక్కువ, వాగడం ఎక్కువ."

"కోస్తూ ఏడ్చావట."

"కంట్లో పొట్టు పడింది."

"ఇనప రిక్షాకి పొట్టెక్కడిదయ్యా?"

వగినో సూది లేని ఆమె చేతిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, సంచి ఖాళీ అయ్యేదాకా అలాగే కూర్చున్నాడు.

మర్నాడు ఎప్పటిలాగే జ్వరం, ఒళ్లు నొప్పులు. ఆ పైరోజు లేచి బండి తోసింది.

అలా మరో రెండు వానాకాలాలు గడిచాయి. రోగం కాలేయంలోకి చేరింది గానీ, ఒక్క ఎముకా విరగలేదు. చివరి వారం దాకా మంగలి దుకాణం మలుపు వరకూ తనే నడిచి వెళ్లింది. ఒక మధ్యాహ్నం వగినో ఆమె తల దువ్వుతున్నాడు. "ముడి కాస్త వదులుగా వెయ్యి," అంది. అతను ముడి వేసి, బాగుందా అని అడిగేసరికి ఆమె ఇక లేదు.

మలుపులో ఆమె బండి నిలిపి అమ్మే చోట వీధి కొంచెం వాలుగా ఉంటుంది. బండి జారకుండా ఆమె చక్రం కింద పెట్టే ఇటుక ముక్కను ఎవరూ తీయలేదు. సుపర్నో రోజూ దాని చుట్టూ ఊడుస్తాడు. చక్రం ఆనే వైపు అది నున్నగా అరిగి ఉంది.