కోతలైన చేనికి కావలి

ఆ రోజు పొద్దు పొడవకముందే ఆకాశం బూడిద ఆరబోసినట్టుంది. వాన మబ్బు కాదు, మంచూ కాదు. అడవిలో ఎక్కడో ఎండుటాకులు అంటుకుని లేచిన పొగ, తూర్పున ఎర్రబారిన గీతను కూడా మసకచేసింది. పిచ్చయ్య వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఆ గీతనే చూస్తున్నాడు. రాత్రంతా అట్లాగే కూర్చున్నాడు.

అశ్వారావుపేట అవతల అడవిని ఆనుకున్న ఊరు వాళ్లది. యాసంగి మొక్కజొన్న వేసినవాళ్లకు కంకి పాలు పోసుకున్నది మొదలు కోతల దాకా కంటి మీద కునుకుండదు. మంచె మీద కూర్చుని రేకుడబ్బా కొడుతూ అడవిపందులను తోలాలి. పిచ్చయ్యకు మీసం రానప్పటి నుంచీ అదే పని. కానీ ఈసారి కోతలై, గింజలు అశ్వారావుపేటలో వ్యాపారి బషీర్ కొట్టుకు చేరినా, నిద్ర మాత్రం తిరిగి రాలేదు. కన్ను మూతపడబోతే చాలు, చేనులో ఆకు గలగలమన్నట్టు ఒళ్లు ఉలిక్కిపడేది.

ఆ ఉలికిపాటులోనే జరగకూడనిది జరిగింది. ఒక తెల్లవారుజామున కొండమ్మ నల్ల గొంగడి కప్పుకుని పెరట్లో వంగి పుల్లలు ఏరుతోంది. సగం మగతలో లేచిన పిచ్చయ్య, పెళ్లాన్ని పంది అనుకుని దుడ్డుకర్ర విసిరాడు. ముంజేతి ఎముక విరిగింది. వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టించారు. కొండమ్మ ఏడవలేదు, తిట్టలేదు. అప్పటినుంచి అతనికి వాకిట్లో అన్నం పెట్టి, తను పెరట్లోకి పోయి తినేది. పడుకునేటప్పుడు లోపల గొళ్లెం పెట్టుకునేది. ఒక్కమాట మాత్రం చెప్పింది.

"ఇప్పపూల కాలం అయ్యేదాక చూస్త. అప్పటికీ నీకు నిద్ర రాకపోతే పెనుబల్లి తమ్ముని కాడికి పోత. ఏ పూట మళ్ల పందినైతనో ఏమెరుక."

దవాఖానా గోలీలు వేసుకుంటే పగలు తూలుడే మిగిలింది. చివరికి బషీరే తన వీధిలో ఉండే ప్రసూన టీచరమ్మ పేరు చెప్పాడు. బడి నౌకరీ అయిపోయాక ఆమె ఇంట్లోనే ధ్యానం నేర్పుతోందట. వేదాల కాలం నాటి పద్ధతట. ముక్కు మూసుకునేది లేదు, ఒళ్లు వంచేది లేదు, ఊరికే కూర్చోవడమేనట.

పిచ్చయ్య గురుపూజకని పళ్లు, పూలు, కొత్త తెల్ల రుమాలు పట్టుకుని పోయాడు. ఆమె గురువు పటం ముందు దీపం పెట్టి, సంస్కృతంలో ఏదో చదివి, అతనికొక చిన్న మాట ఇచ్చింది. ముందు పైకి అనమంది. తర్వాత మెల్లగా, ఇంకా మెల్లగా, ఆపైన లోలోపలే అనుకొమ్మంది. అది తనదేననీ, ఇంకెవరికీ చెప్పవద్దనీ అంది.

ఇంటికి రాగానే కొండమ్మ, ఏమిచ్చింది ఆమె అని అడిగింది. చెప్పకూడదట అన్నాడు.

"చెయ్యి ఇరగ్గొట్టినోనికి చెవుల మంత్రమొకటి," అని ఆమె చేట తీసుకుని లోపలికి పోయింది.

ఆ మాటను పిచ్చయ్య తనకు తెలిసిన తీరులోనే పట్టుకున్నాడు. పళ్లు బిగించి, వీపు నిటారు చేసి, మంచె మీద కూర్చున్నట్టే కూర్చున్నాడు. నడుమ ఇంకో తలపు దూరితే తరిమాడు. కర్ర గుర్తొస్తే తరిమాడు, కట్టు గుర్తొస్తే తరిమాడు. లేచేసరికి మెడ పట్టేసేది, చెమటతో అంగీ తడిసేది. ఒకనాడు టీచరమ్మ ఇంట్లో నేర్చుకునేవాళ్లందరూ కళ్లు మూసుకుని ఉండగా, పందులను తోలినట్టు "హోయ్" అని కేక పెట్టాడు. పక్కనున్న బ్యాంకు నౌకరీ ఆయన కుర్చీ మీదనుంచి జారిపడబోయాడు.

అందరినీ పంపించాక ఆమె, అసలేం చేస్తున్నావని అడిగింది.

"కావలి కాస్తున్న టీచరమ్మా. మాట జారిపోకుండ, పక్క ఆలోచన రాకుండ."

"నిన్ను కావలి కాయమన్నదెవరు? వచ్చేదాన్ని రానియ్యి. మాట పోతే పోనియ్యి. పోయిందని యాదికొస్తే మళ్ల మెల్లగ అనుకో, గంతే."

"పందులొచ్చినా రానియ్యాల్నా?"

ఆమె నవ్వలేదు. "నీ చేను కోతలైపోయిందంటివి గద పిచ్చయ్యా. ఇంక ఏం తింటయి?"

బస్సులో పామాయిలు తోటల వెంట వస్తూ పిచ్చయ్య అదే ఆలోచించాడు. కావలోడు మంచె దిగితే చేను పోతుంది, అంతవరకే అతనికి తెలుసు. పైగా రానిస్తే అన్నిటికంటే ముందు వచ్చేది ఎముక విరిగిన చప్పుడే. అతని భయమల్లా అదే. ఆ తర్వాత కూడా బిగబట్టే కూర్చున్నాడు. నిద్రా రాలేదు, ఇప్పపూల కాలమూ చివరికొచ్చింది.

ఆ బూడిద ఆకాశం కింద కొండమ్మ గంపతో బయటికి వచ్చింది. పిచ్చయ్య లేచి గంప అందుకున్నాడు. ఆమె వద్దనకుండా అడవి దారి పట్టింది.

ఇప్పచెట్టును పూలకోసం ఎవరూ ఎక్కరు, కొమ్మ దులపరు. తెల్లవారుజామున అది తనంతట తాను రాల్చిందే ఏరుకోవాలి. కొండమ్మ ఒంటిచేత్తో ఏరుతోంది. అతనూ వంగాడు గానీ ముందుకు తూలి చెట్టు పట్టుకున్నాడు.

"కూసో. తూలుతున్నవ్," అంది ఆమె, అటు తిరిగే.

చెట్టు మొదలుకు ఆనుకుని కూర్చున్నాడు. కావలి కాసే ఓపిక కూడా ఇక లేదు. కళ్లు మూసుకుంటే మాట వచ్చింది. పట్టుకోలేదు. పక్కన ఒక పువ్వు టప్పున రాలింది, మాట పోయింది. కర్ర వచ్చింది. ఎముక చప్పుడు వచ్చింది. తరమలేదు. కళ్లు కారితే కారనిచ్చాడు. ఎక్కడో ఎండుటాకు గలగలమంది, పందో కొండమ్మో. రానిచ్చాడు. మాట మళ్లీ వచ్చిందో లేదో అతనికి తెలియదు.

కళ్లు తెరిచేసరికి ఎండ చెట్ల నడినెత్తికి వచ్చింది. ఒడిలో, భుజాల మీద పూలు వాడిపోయి ఉన్నాయి. మిగతా చెట్ల కింద నేల ఊడ్చినట్టుంది. అతని చుట్టూ మాత్రం రాలినవి రాలినట్టే ఉన్నాయి, అలికిడికి అతను లేస్తాడని ఆమె ఏరలేదు. ఏరిన పూలను ఎప్పుడో ఇంటికి చేర్చి ఆరబోయాల్సింది. కొండమ్మ, కర్ర దెబ్బ తగిలేంత దగ్గరలో, కట్టుచేతిని ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

"గురక పెట్టినవ్. ఈసారి పందివి నువ్వే," అంది. "నేను కర్ర ఇసరలే."

అతను ఒడిలోని పూలను ఒక్కొక్కటే గంపలో వేశాడు.

ఆమె సద్దిమూట ముందుకు లాగింది. ఒంటిచేతికి ముడి రాలేదు. అతను విప్పాడు. జొన్నన్నం, చింతకాయ తొక్కు. తన ఆకు తీసుకుని ఆమె అటు పోతుందేమోనని అతను చూస్తూ ఉన్నాడు. కొండమ్మ రెండు మోదుగాకులు పక్కపక్కనే పరిచి, అన్నం పెట్టి, నీళ్ల సీసా నడుమ నిలబెట్టింది.

ఇద్దరూ తల వంచుకుని తిన్నారు.